వినపడని పేజీ

"అయ్యా, ఆసుపత్రి పేజీలు తయారుచేసింది మీరేనా?"

ఫోన్‌లో ఆడగొంతు. యాభై దాటిన గొంతు.

"నేనేనమ్మా. ఎలా ఉన్నాయి?" అన్నాడు స్కేలాయన, మెప్పు కోసం చెవులు రిక్కించి.

"నాకు వినపడటం లేదండీ."

"పేజీ వినపడటమేంటమ్మా? అదేమన్నా రేడియోనా?"

తన జోకుకి తనే నవ్వుకున్నాడు.

స్కేలాయన అన్నది ఆఫీసువాళ్లు పెట్టిన పేరు. పద్దెనిమిదేళ్లు ప్రింటింగ్ ప్రెస్సులో పెళ్లికార్డులు, కరపత్రాలు, క్యాలెండర్లు డిజైన్ చేశాడు. ప్రెస్సు మూతపడ్డాక, నలభై రెండో ఏట వెబ్‌సైట్ల పని నేర్చుకుని ఇక్కడ చేరాడు. చేరాడే గానీ, కంప్యూటర్ తెర మీద స్టీలు స్కేలు ఆనించి మార్జిన్లు కొలిచే అలవాటు మాత్రం మానలేదు.

తెర సైజు మారినప్పుడల్లా అక్షరాలు కిందికీ మీదికీ జారిపోతుంటే అతనికి ఒళ్లు మండేది. అందుకని ఒక కిటుకు కనిపెట్టాడు. ఆసుపత్రి వెబ్‌సైటులో ప్రతి పేజీనీ ప్రెస్సులో కూర్చినట్టే కూర్చి, ఫొటో తీసినట్టు ఒకే బొమ్మగా మార్చి ఎక్కించేశాడు. ఇక ఏ అక్షరం ఎక్కడికి పోతుందో చూస్తా అనుకున్నాడు. పైగా కార్డు అడుగున ప్రెస్సు పేరు వేసినట్టు, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో తన ఫోన్ నంబరు కూడా వేసుకున్నాడు.

చూసినవాళ్లంతా ముచ్చటగా ఉందన్నారు. ఆ సోమవారమే పేజీలు పరిశీలన కోసం నెట్‌లో పెట్టారు.

"శుక్రవారం ఆసుపత్రివాళ్లు సరేనంటే నీ ఉద్యోగం ఖాయం," అని మేనేజరమ్మ మాటిచ్చింది. ఖాయమైతే బావమరిది ఇంటి వెనక గదిలోంచి బయటపడొచ్చు. అతని భార్య అప్పుడే సామాన్లు మూటలు కట్టడం మొదలుపెట్టింది.

"నాకు చూపు లేదండీ," అంది ఫోన్‌లో ఆవిడ. "తెర మీద ఉన్నది కంప్యూటరే చదివి వినిపిస్తుంది. మీ పేజీకి వచ్చేసరికి బొమ్మ, బొమ్మ, బొమ్మ అని ఊరుకుంటోంది. ఏ డాక్టరు ఏ రోజు వస్తారో ఒక్క ముక్క తెలియడం లేదు. మీ నంబరు కూడా మా చెల్లెలితో చదివించుకున్నాను."

"అయితే మిగతాది కూడా ఆవిడతోనే చదివించుకోండి."

ఠక్కున పెట్టేశాడు.

మర్నాడు మళ్లీ అదే గొంతు.

"అక్షరాలని అక్షరాలుగానే పెట్టండి బాబూ. ఒక్క రోజు పని. ఎలాగో నేను చెప్తాను."

"అసలింతకీ మీరెవరు?"

"అది చెప్పకూడదు. శుక్రవారం లోపల మార్చెయ్యండి, అంతే."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషికి చెప్పడం బ్రహ్మతరమా?

"పద్దెనిమిదేళ్ల సర్వీసు నాది! కళ్లు కనిపించనివాళ్ల దగ్గర డిజైన్ నేర్చుకునే ఖర్మ నాకింకా పట్టలేదు."



"తిట్టాలంటే తర్వాత తిడుదురుగాని. ముందు మార్చండి," అంది ఆవిడ మెల్లగా.

బుధవారం ఆవిడ ఫోన్ రాగానే, నలుగురూ వింటారని స్పీకర్ పెట్టాడు.

"వినండర్రా, గుడ్డి మేడంగారు మన డిజైన్‌కి వంకలు పెడుతున్నారు!"

ఆఫీసంతా గొల్లుమంది.

"నవ్వండి బాబూ, ఫర్వాలేదు. ఇంకా రెండ్రోజుల టైముంది," అంది ఆవిడ.

దాంతో స్కేలాయనకి చిర్రెత్తుకొచ్చింది. అప్పటికప్పుడు ఆసుపత్రి అధికారికి ఫోన్ చేసి ఫిర్యాదు చేశాడు.

"ఎవరో ఒకావిడ రోజూ ఫోన్ చేసి ప్రాణాలు తోడేస్తోందండీ. పేజీలు మార్చమంటుంది. ఇదీ నంబరు."

అధికారి నంబరు రాసుకున్నాడు. మళ్లీ చదివించి సరిచూసుకున్నాడు.

"మీకు స్వయంగా ఫోన్ చేసిందా?"

"మూడు రోజుల్నించీ చేస్తోందండీ."

"సరే. మేం చూసుకుంటాం."

గురువారం ఫోన్ రాలేదు. పీడ విరగడైందని ఇంటికెళ్లి భార్యకి గొప్పగా చెప్పుకున్నాడు.

"పాపం, కళ్లు లేని మనిషి. కాస్త వినపడేట్టు చేస్తే మీ సొమ్మేం పోయిందండీ?" అందామె.

"నీకేం తెలుసు? నోర్మూసుకుని గిన్నెలు సర్దు. రేపు సాయంత్రానికి మనం కొత్తింట్లో ఉంటాం."

శుక్రవారం మేనేజరమ్మ పిలిచింది. కూర్చోమని కూడా అనలేదు.

"ఆసుపత్రివాళ్లు పని తిప్పి పంపారు. చూపు లేనివాళ్లకి వినపడని పేజీ వాళ్లకి అక్కర్లేదట. నూటికి సున్నా వేశారు."

"ఒక్క రోజు టైమిప్పించండి మేడం, మార్చేస్తాను!"

"ఆ టైమేదో నిన్నటిదాకా ఉంది. సోమవారం నుంచి మీరు రానక్కర్లేదు."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. స్కేలాయన ఆఫీసు మెట్ల మీద కూలబడి ఆసుపత్రి అధికారికి ఫోన్ చేశాడు.

"నా బతుకు రోడ్డున పడిందండీ! ఒక్క మాట ముందే చెప్తే మార్చేవాణ్ణి కదా!" ఏడుపాగలేదు అతనికి.

"మూడుసార్లు చెప్పిందిగా."

"ఎవరు?"

"మా తరఫున పేజీలు పరీక్షించే ఆవిడ. మార్కులు వేసేదాకా, చేసినవాళ్లతో మాట్లాడకూడదని మా రూలు. ఆవిడ రూలు తప్పిందని మీరే పట్టిచ్చారు. బుధవారం సాయంత్రమే పన్లోంచి తీసేశాం. మీ పేజీల్ని నిన్న మెషీన్‌తో పరీక్ష చేయించాం. మెషీన్ ఎవరికీ ఫోన్ చెయ్యదు కదండీ."



"నేనెవరో తెలీదు కదండీ ఆవిడకి? మరి నాకెందుకు చేసింది?"

"మేమూ అదే అడిగాం," అన్నాడు అధికారి. "మీరు ప్రింటు నుంచి వచ్చారని కాగితాల్లో ఉందట. చూపు పోకముందు ఆవిడా ప్రెస్సులోంచి వెబ్ పనిలోకి వచ్చిన డిజైనరేనట, కొత్తలో సరిగ్గా ఇదే తప్పు చేసి ఉద్యోగం పోగొట్టుకుందట, అప్పుడు తనకి ఒక్కరూ ఫోన్ చేసి చెప్పలేదట."