తమ్ముని గొంతు

గొర్రె కాలు ఒళ్ళో పెట్టుకొని ముల్లు తీస్తుండగా కుళ్ళాయప్ప జేబులో ఫోను మోగింది.

కొత్త నంబరు.

"అన్నా... నేను, ఆంజిని."

కుళ్ళాయప్ప చేతిలో పట్టు జారింది. గొర్రె కుంటుకుంటూ పోయి మందలో కలిసింది.

"బండి మీంచి పడినా అన్నా. ఆసుపత్రిలో ఉండా. నా ఫోను పగిలిపోయింది, దానికి చెయ్యద్దు. దుడ్లు కడితేనే ఆపరేషన్ అంటాండారు."

"యాడరా? ఏ ఊర్లో?"

"అకౌంట్ నంబరు పంపిస్తాండా. తొందరగా అన్నా."

ఊరు చెప్పకుండానే ఫోను ఆగిపోయింది.

చేను గట్టు మీద చెత్త ఏరుతున్న బయమ్మ మొగుడి ముఖం చూసి లేచి నిలబడింది.

"గొర్రెల్ని చూసుకో. ఆంజి పడినాడంట."

ఆమె కొంగు ముడి విప్పి బస్సు చార్జీ చేతిలో పెట్టింది.

కుందుర్పి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా కుళ్ళాయప్పకు బయట ఏమీ కనిపించలేదు.

నాయన పోయినప్పుడు ఆంజికి నాలుగేళ్ళు. వాణ్ణి భుజం మీద వేసుకొనే గొర్రెల వెంట తిరిగాడు. చదివించాడు, పెళ్ళి చేశాడు.

మూడు బోర్లు ఎండిపోయాక, నాలుగోది ఇక్కడ వేద్దామని చోటు చూపించింది ఆంజి. అందులోనూ దుమ్మే వచ్చింది.

ఆ దుమ్ములో నిలబడి, నలుగురి ముందు, నువ్వు నాకు తమ్మునివే కాదు పో అన్నాడు కుళ్ళాయప్ప.

ఆంజి పెండ్లాన్ని పిలుచుకొని మడకశిర వెళ్ళిపోయాడు. ఆరేళ్ళయింది.

కుందుర్పిలో దిగి నేరుగా బ్యాంకుకు పోయాడు. కౌంటరు దగ్గర అర్చన అనే అమ్మాయి ఉంది. ఫోనులోని అకౌంట్ నంబరు చూపించాడు.

"ఉండేదంతా దీనికి పంపియ్యమ్మా."

ఆమె నంబరు కొట్టింది. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి.

"ఆగండి పెద్దాయనా. మా కంప్యూటర్ దీన్ని ఆపుతాంది."

"ఎందుకాపుతాదమ్మా? ఆడ నా తమ్మునికి ఆపరేషన్!"

అని, తనే ఒక్క క్షణం ఆగిపోయాడు. నా తమ్ముడు అనే మాట నోట్లోంచి వచ్చి ఆరేళ్ళయింది.

అర్చన జరిగిందంతా అడిగి తెలుసుకుంది. గొంతు తగ్గించింది.

"ఈ అకౌంట్లోకి పొద్దుట్నుంచి యాడాడనుంచో దుడ్లు పడి, పడినవి పడినట్టే మాయమైతాండాయి. అట్లాంటివి పసిగట్టే ఏఐ ఉండాది మా కాడ. దొంగల కాడా ఉండాది. మనిషి మాటలు నాలుగు దొరికితే చాలు, అచ్చం అదే గొంతుతో మాట్లాడిస్తారు."

ఆంజి మాటలు దొరకడానికి కరువేమీ లేదు. మడకశిరలో గొర్రెలు అమ్ముతూ వారానికి రెండు వీడియోలు పెడతాడు. కుళ్ళాయప్ప వాటిలో ఒక్కటీ వదలడు. చూస్తున్నట్టు బయమ్మకు కూడా చెప్పలేదు.

"గొంతు వానిదే మేడమ్. పెంచినోన్ని, నాకు తెలీదా?"

"ఆయన నంబరుకు ఒక్కసారి చేసి చూద్దాం."

"పగిలిపోయిందంట."

"అయినా చేద్దాం. చెప్పండి."

పది అంకెలూ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. ప్రతి వీడియో చివరా ఆంజి చెప్పే నంబరే. ఒక్కసారీ నొక్కని నంబరు.

అర్చన తన ఫోనులోంచి చేసి స్పీకరు పెట్టింది.

"నమస్తే అన్నా, చెప్పండి. పొట్టేళ్ళు కావాల్నా, పిల్లలు కావాల్నా?"

వెనకాల గొర్రెల అరుపులు.

కుళ్ళాయప్ప కౌంటరు అంచు పట్టుకున్నాడు.

"హలో? ఎవరన్నా?"

"నేను రా."

గొర్రెల అరుపులు మెల్లగా దూరమయ్యాయి. నడిచి పక్కకు వచ్చినట్టున్నాడు.

"...అన్నా?"

"యాడుండావు?"

"సంతలో."

"నిలబడుకోనుండావా?"

"నిలబడుకోనే ఉండా. ఏమైందన్నా?"

కుళ్ళాయప్ప కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. మిగతాది అర్చన చెప్పింది.



"మూణ్నెల్ల కింద ఏదో యాప్ వేసుకున్యా," అన్నాడు ఆంజి. "నంబర్లన్నీ లాక్కున్నట్టుండారు. నీది 'మా అన్న' అని ఉండాది."

కుళ్ళాయప్ప ముఖం మీంచి కండువా దించాడు.

"ఎవడో నా గొంతుతో అడిగితే... పంపిద్దామని పోయినావా?"

"ఊఁ."

"ఆడ్నే ఉండు. వస్తాండా."

అర్చన సైబర్ పోలీసులకు ఫోను చేసి దొంగ ఫోను చేసిన నంబరు, అకౌంట్ రెండూ రాయించింది. కుళ్ళాయప్పకు టీ తెప్పించి, బయటికి వచ్చి మెట్ల దగ్గర నీడ చూపించింది.

పొద్దు వాలుతుండగా ఆంజి మోటారుసైకిలు దిగాడు. కణతల దగ్గర జుట్టు నెరిసింది. వీడియోల్లో టోపీ పెట్టుకుంటాడు, తెలియలేదు.

కుళ్ళాయప్ప లేచి, తమ్ముణ్ణి తల నుంచి కాళ్ళ దాకా చూశాడు. చాలలేదు. మోచేతులు తడిమాడు, భుజాలు తడిమాడు. ఆంజి కదలకుండా నిలబడ్డాడు.

ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు.

"ఆ పొద్దు నేనన్న మాట..."

"ఏ మాటన్నా?" అన్నాడు ఆంజి, రోడ్డు వైపు చూస్తూ.

దుమ్ము లేపుకుంటూ బస్సు వచ్చి ఆగింది. ఎక్కేవాళ్ళు ఎక్కారు.

"అది మనూరి బస్సే కదన్నా?"

"ఇంగోటి ఉండాదిలే."

సాయంత్రం ఆ ఊరికి ఉన్నది ఆ ఒక్క బస్సే. ఆ సంగతి ఆంజికీ తెలుసు.