చివరి పేజీ ముందే

ఏంజెల్ నల్ల కళ్లద్దాలు పెట్టుకుంది. చున్నీ తలకు చుట్టుకుంది. టూరిస్టుల గుంపులో కలిసిపోయి ఖిలా వరంగల్ కోటలోకి నడిచింది.

వచ్చింది తోరణాలు చూడటానికి కాదు. సంబంధం చూడటానికి.

సంబంధం తెచ్చింది పాస్టర్ గారు. కోటలో గైడు పని చేసే సుందర్ రావు వాళ్ల ఇల్లు. కొడుకు ప్రవీణ్ అక్కడే టూరిస్టులకు ఫోటోలు తీస్తాడు. ఇంట్లో ఇద్దరే. ఏంజెల్ ఇంట్లోనూ ఇద్దరే, తనూ తల్లి సువార్తమ్మా.

"నువ్వు ఊ అంటేనే బిడ్డా," అంది సువార్తమ్మ, తల ఎత్తకుండా చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ. "వద్దంటె ఇయ్యాల్నే వద్దని చెప్త."

ఆదివారం లోపల చెప్పాలి. ఆదివారం చర్చిలో ఇద్దరి పేర్లూ చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండని అడుగుతారు. సంఘమంతా విన్నాక వెనక్కి తగ్గితే ఎంత నామోషీ! తగ్గకపోతే, తీరా వాళ్లు మంచివాళ్లు కాకపోతే, బతుకంతా ఏడుపే. ఊ అనే ఆ ఒక్క మాట ఏంజెల్ గొంతు దాటి రావడం లేదు.

పాస్టర్ గారిని అడిగితే మంచివాళ్లనే అంటారు. ఆయనకు అందరూ మంచివాళ్లే. అందుకే సొంతంగా వేగు చూడటానికి బయల్దేరింది.

గూఢచారి నవలలంటే ఆమెకు పిచ్చి. ఓ పాత కోట, కోటలో ఓ రహస్యం, ఆ రహస్యం చాటున ఓ ప్రేమ. ఇవి ఉంటే అన్నం కూడా మరిచిపోతుంది. తల్లీ అంతే. కాని తల్లికి ఓ పాడు అలవాటు. చివరి పేజీ ముందు చదువుతుంది. చదివి ఊరుకోదు. "హీరో బతుకుతడు తియ్యి," అని పైకే అనేస్తుంది. అంతే, ఇంట్లో యుద్ధం.

ఆ నవలలు నేర్పిన సూత్రం ఒకటుంది. మనిషి అసలు రంగు తెలియాలంటే వాడికి కోపం తెప్పించాలి.

సుందర్ రావు తోరణం నీడలో నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, నెరిసిన మీసం.

"ఇది చరిత్ర కాదు సార్, నేనల్లిన కథ. శత్రువుల వేగులోడు ఒకడు పూలమ్మేటోని ఏషంల ఈ కోటలకు జొచ్చిండు. దొరికిపోయిండు. పట్టిచ్చిన పిల్లనే ఆఖరుకు పెండ్లి చేసుకున్నడు. సల్లగ బతికిన్రు. ఫికర్ చెయ్యకుండ్రి. ఇగ మొదటికెళ్లి చెప్త."

"ఆగుండ్రి!" ఏంజెల్ చెయ్యెత్తింది. "ఆఖరు ముందే చెప్తె ఇంకేం మజా ఉంటది? మీకు కథ చెప్పుడే రాదు."

గుంపు గొల్లుమంది. అవతల ప్రవీణ్ కెమెరా దించి చూశాడు. ఏంజెల్ ఆయన ముఖంలో కోపం కోసం వెతికింది.

సుందర్ రావు కూడా నవ్వాడు.

"మా ఇంట్ల కూడ ఇదే లొల్లి బిడ్డా. కని, ఆడు బతుకుతడా సస్తడా అని గుండె కొట్టుకుంటాంటె ఈ తోరణం మీది రాతి హంసను ఎవలు చూస్తరు? ఏమైతదో తెలిస్తెనే, ఎట్లయిందో నిమ్మళంగ ఇంటం."

అందరూ తలలెత్తి హంసను చూశారు. ఏంజెల్ కూడా. పుట్టి పెరిగింది ఇక్కడే, ఎన్నడూ సరిగ్గా చూడలేదు.

పట్టు వదల్లేదు. అవి ఏ పూలు? వాడికి మన భాష ఎట్లా వచ్చింది? మాటమాటకూ అడ్డుపడింది. ఆయన విసుక్కోలేదు. "నువ్వే చెప్పు బిడ్డా," అంటూ కథ ఆమె చేతికే ఇచ్చాడు. చివరికి వేగులవాడు దొరికిపోయే ఘట్టం మొత్తం ఏంజెలే చెప్పింది. చప్పట్లూ ఆమెకే పడ్డాయి.

గుంపు ముందుకు కదిలింది. ప్రవీణ్ పక్కకు వచ్చాడు.

"ఏంజెల్ గారూ, ఒక ఫోటో తియ్యాల్నా?"

గతుక్కుమంది. "ఏంజెల్ ఎవలు?"

"అద్దాలు పెడితె గొంతు మారుతదా? పోయిన ఆదివారం మీ చర్చిల ఎనుక బెంచీల కూసున్న. మీ తల్లీబిడ్డల పాట మొత్తం విన్న."

"అంటే నువ్వు కూడ వేగేనా!"

"మరి? ఊకెనే ఊ అంటరా ఎవలన్న?" ప్రవీణ్ గొంతు తగ్గించాడు. "నిజం చెప్పుండ్రి. మీ అమ్మకు కోపం ఎక్కువనా? పాడుకుంట పాడుకుంట ఒకామెను గుడ్లురిమి చూసింది."

"శ్రుతి తప్పితె చూస్తది. ఇంట్ల ఏమనది. మీ నాయినకు తాగుడు గీగుడు?"

"బగ్గ తాగుతడు. చాయ్. వంట కూడ ఆయినదే. ఉప్పు జర ఎక్కువేస్తడు."

"మా అమ్మ తక్కువేస్తది."

"అయితె సరిపాయె!"

ఇద్దరూ నవ్వారు. అంతలోనే ప్రవీణ్ ముఖం మారింది.

"అమ్మ పోయినంక మా ఇంట్ల నవ్వు లేదు. అందుకే భయం. తొందరపడుతున్నమా అని."

"నాకూ అదే," అంది ఏంజెల్. కళ్లద్దాలు పైకి తోసుకుంటూ అడిగింది. "మీ ఇంట్ల లొల్లి అన్నడు గద పెద్దాయన. ఏం లొల్లి?"

"ఏమున్నది? కొత్త నవల తెస్తె చాలు, ఆఖరు పేజీ ముందు చదువుతడు. చదివి నాకు చెప్పేస్తడు."

ఏంజెల్ పగలబడి నవ్వింది. కళ్లద్దాలు జారి కింద పడ్డా పట్టించుకోలేదు.

ఇంటికి వచ్చేసరికి సువార్తమ్మ నవల ముందేసుకుని కూర్చుంది. తెరిచి ఉన్నది చివరి పేజీయే.

"ఊ," అంది ఏంజెల్.

సువార్తమ్మ పుస్తకం టప్పున మూసేసింది.

ఆదివారం చర్చి నిండిపోయింది. తండ్రీకొడుకులు ముందు బెంచీలో, తల్లీబిడ్డలు పక్క వరుసలో. అందరివీ కొత్త బట్టలే. ఏంజెల్ తల్లి చెయ్యి పట్టుకుంది.

పాస్టర్ గారు కళ్లజోడు సవరించుకుని చదివారు: "ఖిలా వరంగల్ వాస్తవ్యులైన సుందర్ రావు గారికిని, మన సంఘ సభ్యురాలైన సువార్తమ్మ గారికిని వివాహము నిశ్చయింపబడినది."