బ్రేకు కడ్డీ కొలత

మా ఆయన స్పోర్ట్స్ బైకు ఫుట్‌రెస్టులు తెచ్చి, తన పాత మోటారుసైకిలుకు బాగా వెనక్కి బిగించారు. బ్రేకు పెడల్ కూడా వెనక్కి జరగడంతో వెనక చక్రం డ్రమ్ము బ్రేకును లాగే కడ్డీ పొడవు ఎక్కువైపోయింది. కొత్తది చేయించాలి.

"కొలత నువ్వే రాసివ్వు. నీ లెక్క తప్పదు" అన్నారు.

ఫిట్స్ వచ్చే మనిషి బండెక్కకూడదని డాక్టరు మొత్తుకున్నా వినరు. అందుకే రెండంగుళాలు తగ్గించి రాశాను. బ్రేకు అందకపోతే బండి గేటు దాటదు.

కొత్త కడ్డీ వచ్చింది. అతికినట్టు సరిపోయింది. నేను తెల్లబోయాను.

"ఏదైనా రెండుసార్లు కొలిచేదానివి, నిన్న ఒక్కసారే కొలిచావు. అనుమానమొచ్చి నేనే మళ్ళీ కొలిచి పంపా" అని నవ్వారు.

"అయితే నేనూ వస్తా. వెనక కూర్చుని పట్టుకుంటా."

"కాళ్ళెక్కడ పెడతావే పిచ్చిదానా? నీ ఫుట్‌రెస్టులు తీసేసిన చోటే కదా నావి పెట్టింది!"