హైమ మొహం చూసే శుక్రవారం

సీరియల్ మొత్తాన్ని ఒక్క చుక్క మందుగా కంట్లో వేసుకోవడం వచ్చాక మా అపార్ట్‌మెంట్లో టీవీలు మూలపడ్డాయి. పళ్లు తోముకునేలోపు నాలుగు వందల భాగాలూ చూసేసినట్టే గుర్తుంటాయి. మా తోడికోడలు హైమకు మాత్రం ఆ చుక్క పడదు, కళ్లు వాస్తాయి. అందుకని పాత టీవీలో వారానికొక భాగం చూస్తుంది.

మొదట్లో పాపం అనుకున్నాను. ఇప్పుడు శుక్రవారం సాయంత్రమైతే ఫ్లోరంతా వాళ్లింట్లోనే. కథ అందరికీ తెలుసు కాబట్టి టీవీ వైపు ఎవరూ చూడరు, హైమ మొహమే చూస్తారు. ఆమె ఉలిక్కిపడితే వీళ్లూ ఉలిక్కిపడతారు. నాతో కలిసి చుక్క వేసుకున్న మా ఆయన కూడా చిక్కుడుకాయలకు ఈనెలు తీసే వంకతో అక్కడే. నేను ఏడ్చినప్పుడైనా ఆయన నా మొహం అంతసేపు చూడలేదు.

నిన్న ఉండబట్టలేక హైమ పక్కన కూర్చుని చెప్పేశాను. "తప్పిపోయిన పిల్ల ఆ డాక్టరమ్మేనే."

"తెలుసక్కా," అంది హైమ. "బావగారు మొదటి వారమే నోరుజారారు. అయినా ఆ పిల్లని వాళ్లమ్మ ఎప్పుడు గుర్తుపడుతుందోనని ప్రాణం కొట్టుకుంటోంది."

అది కూడా చెప్పేద్దామని నోరు తెరిచాను. మా ఆయన హైమ మొహం మీంచి చూపు తిప్పకుండానే అన్నారు.

"కాసేపు ఊరుకో. మొదలైంది."