తిన్నోళ్ల మూట

వాన పడిన మర్నాడే ఈరప్ప మహిళాసంఘం విత్తనాల కొట్టు ముందు తలవంచుకుని నిలబడ్డాడు.

“ఊరంతా గొర్రు కట్టి ఇత్తుతాంటే నువ్వీడేం చేస్తాండావన్నా?” అంది కొట్టు తాళాలు చూసే తిమ్మమ్మ.

“మీరిచ్చిన కొర్ర ఇత్తనాలు... పిల్లోళ్లు ఆకలంటే వండుకుని తినేస్తిమి, తిమ్మమ్మా.”

నిరుడు ఇదే తప్పుకు ఆమెను నలుగురిలో నిలబెట్టి, “తినేదానికి మళ్లా ఇత్తనమా?” అని గద్దించి, విత్తనం ఇవ్వనీయకుండా ఆమె చేను బీడు పెట్టించింది ఈరప్పే.

తిమ్మమ్మ లోపలినుంచి ఒక మూట తెచ్చి అతని చేతుల్లో పెట్టింది.

“ఇదెవురిది?”

“తిన్నోళ్లది. నా చేను బీడుపడిన రోజే సంఘంలో చెప్పి, ఇట్లాంటోళ్లకని పక్కన పెట్టించినా. బిరీన పో అన్నా, పదును ఆరిపోతాది.”

ఈరప్ప తన చేనికి పోవాలంటే తిమ్మమ్మ చేను దాటాలి. ఆ గట్టు దగ్గర మూట నెత్తికెత్తుకుని, చెప్పులు విప్పి చేతపట్టుకున్నాడు.