దాచేటిదేమున్నది?

“ఆ ఫోన్ బంద్ చెయ్యి. షరం లేదా నీకు?” లత గొంతు తగ్గించి కసిరింది.

శివరాం వినలేదు. వినే పనిలోనే ఉన్నాడు మరి! వంటింట్లో పొయ్యి పక్కన నిలబడి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, గోడ అవతల హాల్లో కూర్చున్న పెళ్ళిచూపుల వాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో తన సొంత కెమెరాలోంచి వింటున్నాడు. పిట్లం నుంచి వచ్చిన బాలమల్లు, ఆయన భార్య గంగామణి, వాళ్ళబ్బాయి విజయ్‌కుమార్. “మీరు మీరు నిమ్మలంగ మాట్లాడుకోండ్రి, మేమెవ్వరం ఉండం” అని పెద్దమనిషిలా చెప్పి ఇవతలికి వచ్చింది ఈయనే.

“నమ్మి మాట్లాడుకుంటుండ్రు పాపం. గట్ల వినొచ్చా?” అంది లత, రెండోసారి చాయ్ కోసం గిన్నెలో పాలు పోసి పొయ్యి మీద పెడుతూ.

“మన ఇల్లు, మన కెమెరా, మన నెట్టు. తప్పేమున్నదే? వాళ్ళ మనసుల ఏమున్నదో ముందే ఎర్కయితే మనకు సులువు.”

సులువు అంటే శివరాంకు ప్రాణం. బాన్సువాడ బజారులోని తన పెయింట్ల దుకాణంలో కూర్చునే ఇల్లంతా చూసుకోవచ్చని గేటుకొకటి, హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి కెమెరాలు పెట్టించాడు. వంటింట్లోది పిల్లి కోసమట. ఆ పిల్లి ఇప్పటిదాకా ఒక్కసారీ అందులో కనబడలేదు. లత మాత్రం రోజంతా కనబడుతోంది.

“మొన్న పాలు పొంగుతుంటే దుకాణంల కెల్లి ఫోన్ చేసి చెప్పిందెవరు? నేను గాదా?”

“చెప్పినవ్ తియ్యి. మా వదినెతోని ఎంతసేపు ముచ్చట పెట్టిన్నో గది గూడ చెప్పినవ్.”

కూతురు సహజ ఖాళీ పళ్ళెం పట్టుకుని మధ్యలోకి వచ్చింది. “డాడీ, బస్టాండు కాడి దత్తన్న మన కెమెరాలన్నీ తన నంబర్ మీదనే ఎక్కించిండు. పాస్‌వర్డ్ మార్చుమని నెల సంది మొత్తుకుంటున్న.”

“బిగించినోడే చూసుకుంటడు. మనకు యాది పెట్టుకునే తక్లీఫ్ లేదు. అయినా దాచేటిది లేనోళ్ళకు భయమెందుకు బిడ్డా?”

విజయ్‌కుమార్ సహజకు నచ్చాడు. ఆ మాట ఇందాకే తల్లి చెవిలో వేసింది. ఈ సంబంధం కుదిరితే చాలని ముగ్గురికీ ఉంది.

శివరాం తెర వంక చూశాడు. హాల్లో గంగామణి తన ఫోన్లో తల దూర్చి ఉంది.

“ఇంకొకళ్ళ ఇంటికొచ్చి గూడ ఫోనేంది, మర్యాద లేకుండ?” అని విసుక్కుని, తన ఫోన్ మళ్ళీ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“పిల్ల మంచిది,” అంటోంది గంగామణి. “పొద్దుగాల్నే లేస్తది. నాయినమ్మకు మందు గోలీలు యాదితోని ఇస్తది.”

శివరాం ఛాతీ పొంగింది. తల్లీకూతుళ్ళకూ వినబడేలా ఫోన్ సౌండు కాస్త పెంచాడు. “చూసినవా? ఎంత మంచిగ ఎంక్వైరీ చేసిండ్రో!”

“తల్లి గూడ మంచిదే. అలిగినా వంట బంద్ చెయ్యది. మొన్న కూరల ఉప్పు ఎక్కువైతే, ఎవ్వరికీ తెల్వకుండ రెండు ఆలుగడ్డలు కోసి ఏసింది.”

లత చేతిలోని గరిటె ఆగిపోయింది. “గా సంగతి నాకు తప్ప ఎవ్వరికీ ఎర్క లేదు!”

“ఇంటాయనే... షుగర్ ఉండి గూడ దొంగతనంగ మైసూర్‌పాక్ తింటడు. డబ్బా బియ్యం డ్రమ్ముల దాస్తడు.”

లత భర్త వైపు తిరిగింది. భర్త గోడ వైపు తిరిగాడు.

“ఒకళ్ళ ఇల్లు ఇట్ల చూసుడు తప్పు గాదే?” బాలమల్లు గొంతు.

“దత్తుగాడు మా అక్క కొడుకాయె. వాని ఫోన్ల ఉన్న ఈ ఇంటి కెమెరాలు నా ఫోన్ల గూడ ఎక్కించిండు, చూసిన. ఊరంత తిరిగి అడిగే బాధ తప్పింది. అయినా దాచేటిది లేనోళ్ళకు భయమెందుకు?”

సహజకు ఏడుపొచ్చింది. నెల రోజులుగా తను తల దువ్వుకోవడం, అన్నం తినడం, అమ్మతో పోట్లాడటం, అన్నీ చూశారన్నమాట!

“ఛీ, ఏం మనుషులే వీళ్ళు!” శివరాం పళ్ళు కొరికాడు. “ఇంకొకళ్ళ ఇంట్లకు తొంగి చూస్తరా? షరముండాలె!” ఇంత కోపంలోనూ ఫోన్ మాత్రం చెవి దగ్గర నుంచి తియ్యలేదు.

“మరేమంటవ్? మనోనికి పిల్ల నచ్చిందట,” అన్నాడు బాలమల్లు.

ముగ్గురూ ఊపిరి బిగబట్టారు.

“నాకూ నచ్చింది. గానీ వద్దు. మేమెవ్వరం ఉండం అని చెప్పి, చాటుకు పోయి మన మాటలు వినేటోనితోని వియ్యమేంది? రేపు మనింట్ల గూడ కెమెరా పెట్టుమంటడు.”

సహజ పళ్ళెం గట్టు మీద పడేసి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. శివరాం మొహం పాలిపోయింది.

“ఏమే... నేను వింటున్నట్టు గామెకెట్ల ఎర్క?”

లత నోరు తెరిచేలోపే గంగామణి గొంతు మళ్ళీ వినిపించింది. ఈసారి ఫోన్లోంచి కాదు, గోడ అవతలి నుంచే, గట్టిగా.

“శివరామన్నా! ఆ ఫోన్ కింద పెట్టి జర పొయ్యి బంద్ చెయ్యి, పాలు పొంగుతున్నయ్!”