ల్యాబ్‌లో ఒక్కటే పుస్తకం

ఇటుకంత లావు హ్యాండ్‌బుక్ అది. ఏ ఉక్కును ఎంత వేడికి కాల్చాలో, దేన్లో ముంచి చల్లార్చాలో అన్నీ అందులోనే ఉంటాయి. ఫౌండ్రీ ల్యాబ్ మొత్తానికి అదొక్కటే. రేపు ప్రమోషన్ పరీక్ష. పోస్టు ఒకటి, రాసేది ఇద్దరు. అందుకే ఆ ఇద్దరిలో చిన్నవాడైన అతను పొద్దున్నే వచ్చి పుస్తకాన్ని తన సొరుగులో పడేసి తాళం వేశాడు.

రెండో అభ్యర్థి, అతను అక్కా అని పిలిచే సీనియర్, వచ్చీ రాగానే వెతుకులాట మొదలుపెట్టింది. స్టూలెక్కి బీరువా మీద చూసింది. కొలిమి గదిలో చూసింది.

"నేనూ చూస్తానక్కా," అంటూ అతనూ ఏమీ ఎరగనట్టు రాక్ వెనక తొంగిచూశాడు.

సాయంత్రం ఆమె చేతుల మసి తుడుచుకుంటూ వచ్చి, అతని బల్ల మీద కొన్ని కాగితాలు పెట్టింది.

"ఇక దొరికేలా లేదురా తమ్ముడూ. నా చదువు పోయిన వారమే అయిపోయింది. నువ్వింకా దాన్ని ముట్టుకోలేదు కదా, ఈ ఒక్కరోజైనా నీ చేతిలో పెడదామని తిరిగాను. ఇవి నేను రాసుకున్న పట్టికలు, వీటితో సర్దుకో. సొరుగులో పెట్టు, ఫ్యాన్ గాలికి ఎగిరిపోతాయి."

అతని చెయ్యి జేబులోని తాళంచెవిని తాకి అక్కడే ఆగిపోయింది.

ఆమె కాగితాలు ఎగరకుండా అరచేత్తో అదిమిపట్టి, అతను సొరుగు తెరుస్తాడని నిలబడే ఉంది.